కాడల మూట

తమ్ముడి ఫోను వచ్చేసరికి పెద్దమ్మాయి ఎవరిదో ప్యాంటు నడుము దగ్గర కుట్లు విప్పుతోంది. కొన్న నెలలోనే ఒళ్ళు చేసిన పెద్దమనిషి ఎవరో వదులు చేయమని ఇచ్చి వెళ్ళాడు. రెడీమేడ్ బట్టల షాపు వెనక గదిలో ఆమెకు ఒక మిషను, ఒక బల్బు, వీధి కనిపించని ఒక కిటికీ ఉన్నాయి. కొత్తవి కుట్టే పని కాదు ఆమెది. ఎవరో కుట్టినవాటిని విప్పి, సరిచేసి, మళ్ళీ కుట్టడం. గుడ్డకు గాయం కాకుండా దారం లాగడంలో ఆ బజారులో ఆమెను మించినవాళ్ళు లేరని షాపు యజమానే ఒప్పుకుంటాడు, జీతం పెంచమని అడగనంత వరకు.

"అక్కా, అమ్మ పెరటి మెట్టు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. నేనేమో లోడు ఎక్కించేశాను, ఇవాళ బయల్దేరకపోతే లారీ ఓనరు నన్ను దించేస్తాడు. ఓ నాలుగు రోజులు వచ్చి ఉండవూ?"

"వస్తాలే," అంది పెద్దమ్మాయి. అని దారాన్ని ఎంత విసురుగా లాగిందంటే, పెద్దమనిషి ప్యాంటు చిరిగినంత పనైంది.

యాభైకి దగ్గరపడిన మనిషిని పెద్దమ్మాయి అనడం ఏమిటని ఎవరైనా నవ్వుకోవచ్చు. ఆ ఇంట్లో ఆమె ఇప్పటికీ పెద్దమ్మాయే. ఆ పేరు పెట్టింది పిన్ని. పిన్ని అంటే తమ్ముడికి కన్నతల్లి. ఈమెకు మాత్రం, అమ్మ పోయాక నాన్న చేసుకున్న రెండో భార్య. పెద్దమ్మాయి కూడా ఆవిడను పిన్నీ అనే పిలవాలి గానీ, పిలవకుండానే మాట్లాడే విద్య ఒకటి ఆమెకు చిన్నతనంలోనే పట్టుబడింది. "ఇదిగో" అనీ, "అన్నం అయిందా" అనీ, ఎదురుగా వెళ్ళి నిలబడీ, మొత్తానికి ఆ ఒక్క మాట నోట రాకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఒకే ఒక్క ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి సిద్ధం చేసుకుంది. ఈసారి అడిగేయాలి. తాడోపేడో తేల్చుకోవాలి. ఆవిడకు వయసు మీద పడుతోంది, ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పుడు అడుగుతుంది? ప్రశ్న చాలా చిన్నది. "నాన్నకూ తమ్ముడికీ ఆకులు పెట్టి, నా పళ్ళెంలో ఎప్పుడూ కాడలే ఎందుకు వేసేదానివి?"

అంతే. ఆస్తి గొడవ కాదు, నగల గొడవ కాదు. తోటకూర కాడలు. వినేవాళ్ళకు ఇంతోటి దానికా అనిపిస్తుంది. కానీ రోజూ ఎదురెదురుగా కూర్చుని తినే చోట, పక్క పళ్ళెంలో పచ్చగా మెత్తగా ఆకు, మన పళ్ళెంలో కాడలు పడుతూ ఉంటే, అది కడుపులోకి పోయేది కాదు. ఇంకెక్కడో కూర్చుంటుంది. పోనీ చిన్నప్పటితో అది ఆగిందా? పెళ్ళయి వేరే ఊరు వచ్చాక కూడా ఏటేటా తోటకూర కాలం అయిపోగానే తమ్ముడి చేత ఒక గుడ్డమూట పంపుతుంది పిన్ని. విప్పితే ఎండబెట్టిన కాడ ముక్కలు. మొదటి ఏడు ఆ మూట చూడగానే పెద్దమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చినా తనకు కాడలేనా? అప్పటికప్పుడు కింది వాటా ఆవిడ చేతిలో పెట్టేసింది. ఆవిడ "ఎంత బాగున్నాయమ్మా, వెన్నలా కరిగిపోయాయి" అంటే, పాపం మర్యాదకు అంటోంది కాబోలు అనుకుంది. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. మూట రావడం, మెట్ల దగ్గరే కింది వాటాకు పోవడం.

*

తమ్ముడు సంచి భుజాన వేసుకుని గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఎక్కువసేపు మాట్లాడడానికి లేదు.

"మందులు అల్మారాలో ఉన్నాయి. అమ్మ చెయ్యి ఊరికే ఉంచదు, నువ్వే గట్టిగా చెప్పాలి. ఇంకోటి, పెరట్లో కాడలు ముదిరిపోతున్నాయని తెగ కంగారు పడిపోతోంది. వాటి సంగతి కాస్త చూడు."

"వాటి సంగతి నేనెందుకు చూడాలి?"

"నీవే కదా అవి," అని నవ్వేసి వెళ్ళిపోయాడు. అతనికి అన్నీ నవ్వులాటే.

ఇల్లు అలాగే ఉంది. సందులోంచి రెండు మెట్లు ఎక్కితే ముందుగది, దాని వెనక వంటగది, వంటగది తలుపు తీస్తే పెరట్లోకి దిగే రాతిమెట్టు. ఆ మెట్టు మధ్యలో కాస్త గుంటపడి ఉంటుంది. వానపడితే అందులో నీళ్ళు నిలుస్తాయి. చిన్నప్పుడు ఆ నీళ్ళలో కాగితం ముక్కలు వదిలి ఆడుకునేది. ఇప్పుడు పిన్ని జారింది కూడా అక్కడే. వంటగదిలో గోడవార పొడుగు బల్ల, దాని మీద అంచున నీలం గీత ఉన్న సత్తు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. వాటిని చూడగానే పెద్దమ్మాయికి ఒక్క క్షణం, స్కూలు నుంచి వచ్చి సంచి విసిరేసి ఆ బల్ల మీదికి ఎగిరి కూర్చున్నట్టే అనిపించింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పళ్ళేల మీద సరిగ్గా అప్పట్లాగే పడుతోంది. అప్పటి రోజులు చెడ్డవని అనుకుంటూ ఉంటుంది గానీ, ఆ ఎండను చూస్తే మాత్రం సంచి దించకుండానే నిలబడిపోయింది.

పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో దిండు మీద పెట్టుకుంది. మనిషి చిక్కిపోయింది. పలకరింపులూ కుశల ప్రశ్నలూ ఆవిడకు ఎప్పుడూ లేవు.

"వచ్చావా. పోయినేటి కాడలు అయిపోయాయా?"

"ఎప్పుడో అయిపోయాయి," అంది పెద్దమ్మాయి. అబద్ధం కాదు. ఎవరి వంటింట్లో అయిపోయాయో మాత్రం చెప్పలేదు.

పిన్ని ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "సరే, రా," అని లేచింది. వద్దంటున్నా వినకుండా పెరటి తలుపు దాకా నడిచింది.

ఇంటి గోడకూ వెనక ప్రహరీకీ మధ్య నాలుగు మడులు. ఆకంతా కోసేసుకున్నారు. మిగిలినవి కాడలే. నడుమెత్తున లేచి, బొటనవేలంత లావున, కింద ఎర్రగా పైన ఆకుపచ్చగా, తలల మీద గింజ కంకులు తొంగిచూస్తూ నిలబడ్డాయి. చిగుళ్ళు ఉన్న రోజుల్లో వీటిని చూస్తే ముద్దొస్తుంది. ఇప్పుడు చూస్తే పొయ్యిలో కట్టెలకు తప్ప పనికొచ్చేలా లేవు.

"ఇంకో వారం ఆగితే కర్రలైపోతాయి," అంది పిన్ని. "కత్తి పట్టడానికి లేకపోయె. రేపు కొన్ని కోసి కూర వండు. తక్కినవి ఎండకు పెడదాం, నువ్వు పట్టుకుపోదువుగాని."

విన్నారా? ఇంతకాలం పంపినవి చాలక, ఇప్పుడు తన చేతులతో తానే కోసుకుని, తానే ఎండబెట్టుకుని, తానే మోసుకుపోవాలి! పెద్దమ్మాయి మూతి ముడుచుకుని లోపలికి వచ్చేసింది. నోటి చివరిదాకా వచ్చిన ప్రశ్న, ఆ కట్టు చూసి మళ్ళీ వెనక్కి పోయింది.

*

మర్నాడు పొద్దున నొప్పి మాత్ర వేసుకుని పిన్ని నిద్రపోయింది. పెద్దమ్మాయి కత్తి తీసుకుని పెరట్లోకి దిగింది. మొదలు దగ్గర కాడ కత్తికి లొంగకుండా మొండికేసింది. రెండు చేతులా పట్టి వంచి, కసిగా కోసింది. ఒక చంక నిండా తెచ్చి కుళాయి కింద కడిగి, వేలెడంత ముక్కలు నరికింది. నరుకుతుంటే ముక్క తెగినా, తోలు తెగకుండా ఒకదానికొకటి వేలాడాయి. ఆమె పట్టించుకోలేదు. ఉల్లిపాయలు వేయించి, ముక్కలు వేసి, ఉప్పూ కారం చల్లి మూత పెట్టింది. 'ఇవాళ నీ పళ్ళెంలో కూడా కాడలే. తిను, చూద్దాం,' అనుకుంది. అలా అనుకున్నందుకు కాస్త సిగ్గేసింది గానీ, కూర మాత్రం దింపలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. నీలం గీతల పళ్ళేలు. పిన్నికి అన్నం కలిపి, చెంచా ఎడమచేతి వైపు పెట్టి, కూర ఓ గరిటెడు ఎక్కువే వేసింది. తనూ వేసుకుంది.

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. నమిలింది. ఇంకా నమిలింది. రసం దిగిపోయింది గానీ నోట్లో చిక్కుపడ్డ దారం ఉండలా పీచు మిగిలిపోయింది. మింగుడుపడదు, నలగదు. ఉమ్మేద్దామని తల ఎత్తితే, ఎదురుగా పిన్ని కనిపించింది.

పిన్ని తల వంచుకుని తింటోంది. ఎడమచేతికి చెంచా సరిగ్గా పట్టుబడక, ఒక్కో ముక్కనీ తరిమి తరిమి పట్టుకుంటోంది. నోట్లో వేసుకుని, దవడలు నొప్పెట్టేలా నమిలి, మిగిలిన పీచును రెండు వేళ్ళతో తీసి, పళ్ళెం అంచున నీలం గీత మీద పెడుతోంది. ఒకదాని పక్కన ఒకటి. ఏమిటీ వంట అనలేదు. ముఖం చిట్లించలేదు. మళ్ళీ ఇంకో ముక్క తీసుకుంది.

పెద్దమ్మాయి చెయ్యి ఆగిపోయింది. ఇది తను చూసిన దృశ్యమే. కాకపోతే అవతలి వైపు నుంచి.

కాళ్ళు నేలకు అందని వయసు. పిన్ని ఆ ఇంటికి వచ్చి వారం కూడా కాలేదు. ఇదే బల్ల, ఇవే పళ్ళేలు. "కొత్తమ్మ ఏం పెట్టినా నోరెత్తకుండా తినాలి" అని నాన్న ముందే చెప్పి ఉంచాడు. నాన్న పళ్ళెంలో ఆకు. తన పళ్ళెంలో ఇలాంటివే, ఇలాగే తెగీ తెగని ముక్కలు. ఆ పిల్ల నోరెత్తలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నమిలి, నమిలి, పీచు తీసి పళ్ళెం అంచున వరసగా పేర్చింది. ఎదురుగా కూర్చున్న కొత్తమ్మ తినడం మానేసి, ఆ వరసనే చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. మరి ఆ తర్వాత? పెద్దమ్మాయి తన చిన్నతనాన్నంతా గబగబా తిరగేసింది. వానాకాలం పళ్ళేలు, పరీక్షల రోజుల పళ్ళేలు, తమ్ముడు పుట్టాక వాడు కూర నేలంతా పూసిన రోజులు, జ్వరం తగ్గి మొదటిసారి అన్నం తిన్న రోజు. అన్నిట్లోనూ కాడలున్నాయి. ఎందులోనూ పీచు లేదు. పళ్ళెం అంచు ఎప్పుడూ శుభ్రంగానే ఉంది. నాలుక మీద పెట్టుకుంటే విడిపోయేవి ఆ ముక్కలు. రోజూ తిన్న మనిషికి, ఇంతకాలం ఆ సంగతి తోచనే లేదు.

"వీటికి పీచు తీయాలా?" అంది.

బియ్యం కడగాలా అని అడిగినట్టు చూసింది పిన్ని. "తీయకపోతే ఎలా తింటారే?"

"మరి చెప్పలేదేం?"

"తెలుసనుకున్నా. చిన్నప్పట్నుంచీ తిన్నదానివి."

"తిన్నాను. తీయడం ఎప్పుడూ చూడలేదు."

"ఎక్కడ చూస్తావు? నువ్వు బడికి పోయాక కదా తీసేది. ఆ మెట్టు మీద కూర్చుంటే మధ్యాహ్నమంతా దానికే సరిపోయేది. మీ నాన్న వచ్చి ఇంకా తెమల్లేదా అని కేకలేసేవాడు."

పెద్దమ్మాయి నోట్లోని పీచు ఇంకా అలాగే ఉంది. "ఎప్పుడూ తీసేదానివా?"

పిన్ని చెంచా పక్కన పెట్టింది. ఎడమచేత్తో పళ్ళేన్ని కాస్త తిప్పింది. అంచున ఉన్న పీచు కుప్ప పెద్దమ్మాయి వైపుకి వచ్చింది.

"ఒక్కసారి తీయలేదు," అంది. "ఆ రోజు నువ్వు కూడా ఇంతే పెట్టావు."

చెంచా తీసుకుని మళ్ళీ ఇంకో ముక్క కోసం వెతుక్కోబోయింది. పెద్దమ్మాయి లేచి ఆవిడ ముందున్న పళ్ళెం తీసేసింది. "ఉండు, గుడ్డు వేయిస్తాను," అంది. పొయ్యి వైపు తిరిగి నిలబడి గుడ్డు పగలగొడుతుంటే పెంకు ముక్కలు గిన్నెలో పడ్డాయి. వాటిని ఏరడానికి చాలాసేపు పట్టింది. కళ్ళద్దాలు పెట్టుకున్నా సరిగ్గా కనపడలేదు.

*

తర్వాతి రోజులన్నీ పెరటి మెట్టు మీదే గడిచాయి. పిన్ని గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని నోటితో పని చేయించింది.

"మొదలు వైపు పట్టుకో. మొత్తం తెగ్గొట్టకు, కొంచెం విరుపు. ఆఁ, ఇప్పుడు తోలు పట్టి కిందికి లాగు. అయ్యో, అలా పీకితే ఎలాగే, కోడి ఈకలా? నిదానంగా."

నిదానంగా లాగితే తోలు సన్నటి రిబ్బనులా కాడ చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఇంకోటి. చుట్టూ తీశాక లోపల లేత పచ్చగా, తడిగా, నీళ్ళు నిండిన గుజ్జు మిగిలింది. పెద్దమ్మాయి వేళ్ళకు ఆ పని ఎంతోసేపు కొత్తగా లేదు. దారం ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదిలితే తెగకుండా వస్తుందో చేతికే తెలిసిపోతుంది. మధ్యాహ్నానికల్లా వేళ్ళ చివర్లు ఎర్రగా మరకలుపట్టి, గోళ్ళ కింద చురుకెత్తాయి.

అప్పుడు గుర్తొచ్చాయి పిన్ని వేళ్ళు. చిన్నప్పుడు జడ వేస్తుంటే మెడకు తగిలే గరుకు వేళ్ళు. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఎర్రటి మరక. స్కూల్లో పిల్లలు "మీ పిన్ని చేతులు కడుక్కోదా" అంటే సిగ్గుపడి చచ్చిపోయింది. జడ తనే వేసుకుంటానని మారాం చేసింది. పిన్ని దువ్వెన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మరక ఎక్కడిదో అడగాలని ఆ పిల్లకు తోచలేదు. ఇప్పుడు తన వేళ్ళను ఒళ్ళో గుడ్డకు ఎంత తుడిచినా ఆ రంగు పోలేదు. పెద్దమ్మాయికి అది పోగొట్టుకోవాలని కూడా లేదు.

పెద్ద గిన్నెలో ఉప్పునీళ్ళు మరిగించి, కాడ ముక్కల్ని అలా ముంచి ఇలా తీసి, పాత దుప్పటి మీద పరిచారు. పీచునంతా పిన్ని చెప్పినట్టు ఖాళీ మడిలో గొయ్యి తీసి పూడ్చింది. గునపం దించితే కింద పోయినేటి పీచు ఇంకా పూర్తిగా కుళ్ళక, చాపలా అల్లుకుపోయి కనిపించింది.

సాయంత్రం తమ్ముడు ఎక్కడో దారిలో ఆగి ఫోను చేశాడు. పెద్దమ్మాయి ఫోనును మెట్టు మీద పెట్టి, చేతిలో కాడ వదలకుండానే మాట్లాడింది.

"ఏం చేస్తున్నారు ఇద్దరూ?"

"పీచు తీస్తున్నా."

"నువ్వా?" అతను పగలబడి నవ్వాడు. "అబ్బో! చిన్నప్పుడు ఆ కాడల కోసం నేను ఎంత ఏడ్చానో తెలుసా? నీ పళ్ళెంలోంచి ఒక్కటి తీసుకోబోతే అమ్మ చేతి మీద కొట్టేది. 'ముట్టుకోకు, అవి అక్కవి' అనేది. నాకేమో రోజూ ఆ పసరు ఆకులు! నేను కన్నకొడుకునేనా అని నాన్నని అడిగాను కూడా."

పెద్దమ్మాయి ఫోను వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తను వాడి పళ్ళెం చూసి ఏడ్చింది. వాడు తన పళ్ళెం చూసి ఏడ్చాడట. ఒకే బల్ల మీద, ఒకే పూట.

ఫోను పెట్టేశాక పిన్ని వైపు తిరిగింది. పిన్ని అన్నీ విన్నది. ప్రహరీ మీద వాలిన కాకిని చూస్తూ, "ఆ తప్పు దిద్దుకోవాలని పీచు తీసి పెట్టిన మొదటి రోజు నువ్వు పళ్ళెం తుడిచిపెట్టేశావు. ఒక్క ముక్క వదల్లేదు," అంది. "నీకు కాడలంటే ఇష్టమనుకున్నా. ఆపైన ఇక ఆకులు వేయబుద్ధి కాలేదు. నీకు ఇష్టం లేదా?"

ఇదీ సంగతి! నోరెత్తకూడదన్న మొండి పట్టుదలతో ఒక పిల్ల పళ్ళెం ఖాళీ చేసింది. అది చూసి ఒక మనిషి ఏళ్ళ తరబడి మధ్యాహ్నాలన్నీ ఆ మెట్టు మీద ఖర్చుపెట్టింది. ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి అడిగి ఉంటే సరిపోయేది. ఇద్దరికీ నోళ్ళున్నాయి, ఎందుకో మరి.

పెద్దమ్మాయి చేతిలోని కాడను చివరిదాకా ఒలిచింది. లేచి వెళ్ళి, అప్పుడే తీసిన కాడల్ని ముక్కలు చేసి ఉడికించింది. ఒట్టి ఉప్పు, కాస్త నూనె. ఒక ముక్క నోట్లో వేసుకుంది. అది నాలుక మీద విడిపోయి, మొదట తియ్యగా, తర్వాత తడి మట్టి వాసనతో గొంతులోకి దిగింది. దాని వెంటే ఆ వంటగది మొత్తం వచ్చేసింది. వర్షం రోజు కిటికీ చప్పుడు, నాన్న పేపరు మడత, తమ్ముడి బొజ్జ, దీపం చుట్టూ పురుగులు. ఇష్టమే. ఎంతో ఇష్టం. చిన్నప్పుడూ ఇష్టమే. కోపం కింద పడి ఆ రుచి కనపడకుండా పోయిందంతే.

"ఇష్టమే," అంది తలుపు దగ్గరికి వచ్చి. పిన్ని తల పంకించి, "ఇంకో రెండు కట్టలు ఉన్నాయి, చీకటి పడకముందే కానీ," అంది.

*

తమ్ముడు తిరిగి వచ్చేసరికి మడులు ఖాళీ అయ్యాయి. దుప్పటి మీద కాడలు మెలికలు తిరిగి, చేత్తో కదిపితే గలగలమన్నాయి. పిన్ని పాత గుడ్డ ఒకటి తెచ్చి వాటిని పోగుచేసింది. మూట తానే కడతానంది. ఒక కొసను పళ్ళతో పట్టుకుని, ఇంకో కొసను ఎడమచేత్తో చుట్టి లాగింది. పెద్దమ్మాయి వేలు పెట్టి ముడిని నొక్కిపట్టింది.

"గాలి తగలని డబ్బాలో పెట్టు. పోయినేడు బూజు పట్టలేదు కదా?"

"లేదు," అంది పెద్దమ్మాయి. ఆ ఒక్క మాట ఆ రోజు ఆమెకు చాలా బరువైంది. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచింది. పిన్ని అప్పటికే మూటను సంచిలోకి తోస్తూ, బస్సుకు టైమైందని తొందరపెడుతోంది. బస్సులో దారంతా పెద్దమ్మాయి ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ప్రశ్న ఇప్పుడు లేదు. దాని చోటులో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఎన్ని మూటలు! ఎన్నేళ్ళ మధ్యాహ్నాలు! అన్నీ మెట్ల దగ్గరే ఇచ్చేసింది. ఈ సంగతి పిన్నికి తెలిస్తే?

కింది వాటా ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మంచి మనిషి. సంచిలోంచి తొంగిచూస్తున్న గుడ్డను చూసి ముఖం వికసించింది.

"వచ్చేశాయా! ఈ ఏడు ఆలస్యమైతే ఏమైందో అనుకున్నా," అంటూ రెండు చేతులూ చాచింది.

పెద్దమ్మాయి సంచిని గుండెకు హత్తుకుంది. "వచ్చాయండీ. కానీ ఇవి నావి."

ఆవిడ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి. పెద్దమ్మాయికి జాలేసింది. "వండాక మీకు గిన్నెడు తెచ్చిస్తాను. తప్పకుండా," అంది.

"అలాగేనమ్మా. నీవి నువ్వు తింటానంటే నాకెందుకు కోపం?" ఆవిడ నవ్వేసింది. "ఎంతసేపు నానబెట్టాలో తెలుసా మరి? నేను చెప్పనా?"

"వద్దండీ," అంది పెద్దమ్మాయి. "అడుగుతాను."

పైకి వెళ్ళి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, మూట ముందు పెట్టుకుని కూర్చుంది. అడగడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్నతో ఇన్నేళ్ళ సంగతీ బయటపడిపోతుంది. కింది వాటా ఆవిడను అడిగితే పని తేలిగ్గా అయిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పిన్ని వచ్చే ఏడు కూడా పంపుతుంది, తను బాగున్నాయని చెప్పవచ్చు. నీళ్ళు అడుగున బుడగలు కట్టే దాకా ఆలోచించి, ఫోను చేసింది.

"పిన్నీ," అంది.

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "ఆఁ, చేరావా?" అని వినిపించింది.

"చేరాను. ఈ కాడలు ఎంతసేపు నానబెట్టాలి?"

పెద్దమ్మాయి కళ్ళు మూసుకుంది. "నేను ఇవి ఎప్పుడూ వండలేదు పిన్నీ. ఏ ఏడూ వండలేదు. అన్నీ వేరేవాళ్ళకు ఇచ్చేశాను."

"తెలుసులే," అంది పిన్ని.

"తెలుసా?"

"వండేదానివైతే మొదటి ఏడే అడిగేదానివి కదే, ఎంతసేపు నానబెట్టాలని."

అంటే, పిన్ని ఏటేటా, తెలిసే, ఆ మెట్టు మీద కూర్చుని, ఒక్కో కాడకూ తోలు తీసి, ఎండబెట్టి, ముడివేసి పంపింది. "తెలిసి కూడా ఎందుకు పంపావు?" అంది పెద్దమ్మాయి.

"నీవి కదా. ఇంకెవరికి పంపను?" అంది పిన్ని, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నీళ్ళు పెట్టావా?"

"పెట్టాను."

"మరగనివ్వకు. వేళ్ళకు చురుక్కుమంటే చాలు, దించెయ్యి. కాడలు వేసి మూత పెట్టు. మెత్తబడ్డాక చెప్పు, తర్వాత సంగతి చెబుతాను. నేనిక్కడే ఉన్నా, ఫోను పెట్టెయ్యకు."

పెద్దమ్మాయి గిన్నె దించింది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పిన్ని పళ్ళతో బిగించిన ముడిని విప్పడం మొదలుపెట్టింది.